ఇంగ్లండ్‌లో పెద్దవాళ్లకి కౌన్సిల్ కేర్: ఎవర్ని అడగాలి, ఏం చెప్పాలి, ఎక్కడ తేడా కొడుతుంది

వానగొడుగు:
ఒక్క ఇంటి సంగతి కాదు, మొత్తం దారి తెలుసుకుందామని అడుగుతున్నా. ఉదాహరణకి ఇలా అనుకోండి: 76 ఏళ్ల ఆవిడ, పార్కిన్సన్స్. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు. ఇంగ్లండ్‌లో ఒక కౌంటీలో ఉంటున్నారు, ఆవిడకి ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఉంది. స్నానానికి, బట్టలు మార్చడానికి రోజూ మనిషి కావాలి. జీపీని, అంటే మామూలుగా చూసే డాక్టర్ని, అడిగితే కౌన్సిల్‌కి (స్థానిక ప్రభుత్వానికి) ఫోన్ చెయ్యమంటారు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లోకి వెళ్తే తిరిగి తిరిగి మళ్లీ మొదటి పేజీకే వస్తాం. ఎక్కడ మొదలెట్టాలి?

గళ్లనోటుబుక్కు:
ముందు ఏ కౌన్సిలో తేల్చుకోండి. చాలామంది ఇక్కడే పక్కదారి పడతారు. చెత్తబండీ, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లూ ఎవరి పేరు మీద వస్తాయో వాళ్లకే ఫోన్ చేస్తారు. రెండంచెల ప్రాంతాల్లో అవి డిస్ట్రిక్ట్ కౌన్సిల్ పని, అడల్ట్ సోషల్ కేర్, అంటే పెద్దవాళ్లకి రోజువారీ సాయం, కౌంటీ కౌన్సిల్ పని. లండన్ బరోలు, మెట్రోపాలిటన్ బరోలు, యూనిటరీ కౌన్సిళ్లలో రెండూ ఒకటే కాబట్టి ఈ గొడవ లేదు.

ఫోన్‌లో "మా అత్తగారికి సాయం కావాలండీ" అని మొదలుపెడితే ఏదో చారిటీ నంబరు చేతిలో పెట్టి పంపేస్తారు. "కేర్ యాక్ట్ 2014 కింద నీడ్స్ అసెస్‌మెంట్ కావాలి" అని ఆ మాటలతోనే అడగండి. అంటే ఆవిడకి ఏ సాయం అవసరమో తేల్చే పరిశీలన. ఆ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషికి సాయం అవసరం ఉన్నట్టు కనిపిస్తే చాలు, కౌన్సిల్ అసెస్‌మెంట్ చేసి తీరాలి. అవసరం ఎంత పెద్దది, డబ్బు ఎంత ఉంది అన్నది ఆ దశలో లెక్కలోకి రాదు. "సేవింగ్స్ 23,250 పౌండ్లు దాటాయా? అయితే మీరే చూసుకోండి" అని ఫోన్లోనే తేల్చేస్తే అది తప్పు. మీరు పట్టుబట్టొచ్చు.

ఫోన్ పెట్టేయగానే అదే రోజు ఈమెయిల్ కూడా పంపండి: పేరు, పుట్టిన తేదీ, ఏ జబ్బు, ఏ పనులు చేసుకోలేకపోతున్నారు, ఇంటర్‌ప్రెటర్ కావాలా అన్నది. రేపు పేచీ వస్తే తేదీతో ఉన్న ఆ ఈమెయిలే మీకు ఆధారం. ఇన్ని రోజుల్లో చెయ్యాలని చట్టంలో గడువు లేదు, సహేతుకమైన సమయంలో అని మాత్రమే ఉంది. కొన్ని కౌన్సిళ్లు 28 రోజులని తామే పెట్టుకున్నాయి. పడిపోవడం, తిండి మానేయడం లాంటివి జరుగుతుంటే 19వ సెక్షన్ పేరు చెప్పండి. అర్జెంటు అవసరమైతే అసెస్‌మెంట్ పూర్తికాకుండానే సాయం మొదలుపెట్టే అధికారం కౌన్సిల్‌కి ఉంది.

పెసరట్టు:
అసెస్‌మెంట్‌కి ముందు ఈ పది అంశాలూ కాగితం మీద రాసుకోండి. అర్హత మొత్తం వీటి మీదే నడుస్తుంది: తిండి తయారుచేసుకుని తినడం, ఒంటి శుభ్రం, టాయిలెట్, వాతావరణానికి తగ్గ బట్టలు వేసుకోవడం, ఇంట్లో ప్రమాదం లేకుండా తిరగడం, ఇల్లు ఉండదగ్గట్టు ఉంచుకోవడం, నలుగురితో సంబంధాలు, చదువు-ఉద్యోగం-వాలంటీరింగ్, బయటి సౌకర్యాలూ బస్సులూ వాడుకోవడం, పిల్లలుంటే వాళ్ల ఆలనాపాలన.

జబ్బు వల్లో వైకల్యం వల్లో వీటిలో కనీసం రెండు చేసుకోలేకపోవాలి, దానివల్ల జీవితం మీద గట్టి దెబ్బ పడుతుండాలి. అప్పుడే అర్హత.

"చేసుకోలేకపోవడం" అంటే అసలే చేతకాకపోవడం ఒక్కటే కాదు. ఇది చాలామందికి తెలియదు. సాయం లేకుండా చేసుకున్నా బాగా నొప్పీ ఆందోళనా కలిగితే, తనకో పక్కవాళ్లకో ప్రమాదమైతే, మామూలు కన్నా చాలా ఎక్కువసేపు పడితే, ఇవన్నీ చేసుకోలేకపోవడం కిందకే వస్తాయి. పార్కిన్సన్స్ ఉన్న మనిషి జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి ముప్పావుగంట పడుతుంటే "బట్టలు తనే వేసుకుంటుంది" అని రాయించకండి. "45 నిమిషాలు పడుతుంది, మధ్యలో రెండుసార్లు కూర్చోవాలి, చివరి హుక్కులు వదిలేస్తుంది" అని రాయించండి.

మందు పనిచేసే గంటలూ పనిచెయ్యని గంటలూ విడివిడిగా చెప్పాలి. అసెస్‌మెంట్‌కి సోషల్ వర్కర్ వచ్చేది పదకొండింటికి. అప్పటికి మాత్ర పనిచేస్తుంటుంది, ఆవిడ లేచి వచ్చి నమస్కారం కూడా పెడుతుంది. అవసరాలు హెచ్చుతగ్గులుగా ఉంటే ఆ ఒక్క రోజునే కాక తగినంత కాలాన్ని చూడాలని నియమం ఉంది. దాన్ని గుర్తుచేయండి.

ట్రామ్‌పట్టాలు:
పెసరట్టు గారు చెప్పింది నిజమే గానీ తెలుగిళ్లల్లో అసలు దెబ్బ తగిలేది వేరేచోట. సోషల్ వర్కర్ "స్నానం ఎవరు చేయిస్తారు?" అని అడిగితే కోడలు "నేనే చేయిస్తాను, మాకేం ఇబ్బంది లేదు" అంటుంది. అది మన మర్యాద. ఫారంలో మాత్రం "నీడ్ మెట్ బై ఫ్యామిలీ", అంటే అవసరం ఇంట్లోవాళ్లే తీరుస్తున్నారని, పడిపోతుంది.

అర్హత తేల్చేటప్పుడు ఇంట్లోవాళ్లు చేస్తున్న సాయాన్ని పక్కన పెట్టి చూడాలి. ఆ మనుషులే లేరనుకుని ఆవిడ ఏం చేసుకోగలదో రాయాలి. ఇంట్లోవాళ్లు ఏం చెయ్యగలరు, అసలు చెయ్యడానికి ఇష్టమేనా అన్నది తర్వాత, కేర్ ప్లాన్ (ఏ సాయం ఎలా అందాలో చెప్పే పత్రం) రాసేటప్పటి మాట. అప్పుడు కూడా "కొడుకూ కోడలూ ఉన్నారు కదా" అని బలవంతపెట్టడానికి లేదు. కాబట్టి జవాబు ఇలా చెప్పండి: "ప్రస్తుతం నేను చేయిస్తున్నాను. నేను లేకపోతే ఆవిడకి స్నానం ఉండదు. వారంలో నాలుగు రోజులు నేను ఏడున్నరకే బయల్దేరాలి, ఆ రోజుల్లో చెయ్యలేను." గంటలూ రోజులూ చెప్పండి. "కష్టంగా ఉంది" అన్న మాటకి ఫారంలో గడి లేదు.

ఇంకొకటి, కొడుకుని ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చోబెట్టొద్దు. తల్లి అతని ముందు టాయిలెట్ సంగతులు ఎత్తదు. "నాకేం నాయనా, నేనే చేసుకుంటాను" అంటుంది, అది అక్షరాలా నమోదైపోతుంది. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని, అదీ ఆడమనిషైతే మంచిదని మొదటి ఈమెయిల్లోనే రాయండి. ఖర్చు కౌన్సిల్‌ది. ముందు చెప్పకపోతే అప్పటికప్పుడు ఫోన్‌లో దొరికే మనిషితో సరిపెడతారు. హిందీ ఇంటర్‌ప్రెటర్‌ని పంపి "ఇండియన్ లాంగ్వేజే కదా" అనడం కూడా మామూలే. భాష పేరు, కావాలంటే ఇంగ్లీషు స్పెల్లింగు విడదీసి మరీ, రాసివ్వండి.

వానగొడుగు:
ఫోన్లోనే అసెస్‌మెంట్ చేసేస్తాం అంటే?

ట్రామ్‌పట్టాలు:
పార్కిన్సన్స్ కేసులో ఒప్పుకోవద్దండి. కదలికలు కళ్లతో చూడాల్సిన విషయం, ఇంటికి రమ్మని అడగండి. డిమెన్షియా ఉంటే మరీ ముఖ్యం. అసెస్‌మెంట్‌లో పాల్గొనడం ఆ మనిషికి బాగా కష్టమై, తోడు నిలవడానికి తగిన బంధువో స్నేహితులో లేకపోతే స్వతంత్ర అడ్వొకేట్‌ని కౌన్సిలే ఏర్పాటు చెయ్యాలి. అంతా అయ్యాక అసెస్‌మెంట్ కాపీ రాతపూర్వకంగా ఇవ్వాలి. చదివి, తప్పులుంటే ఒక్కో వాక్యానికీ దిద్దుబాటు రాసి పంపండి.

క్రాయ్‌డన్‌కాఫీ:
ఓటీ వైపు నుంచి కొంత చెప్తాను. ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్. చాలా కేసుల్లో మనిషి కన్నా ముందు సామాను కావాలి. గ్రాబ్ రెయిల్, ఎత్తు పెంచిన టాయిలెట్ సీటు, షవర్ స్టూల్, మంచం పక్క రెయిల్ లాంటి చిన్న సామాను, 1,000 పౌండ్ల లోపు చిన్న మార్పులు కౌన్సిల్ ఉచితంగా ఇవ్వాలి. ఆదాయం చూడరు.

మన ఇళ్లకు ప్రత్యేకం నీళ్ల సంగతి. చెంబుతో కడుక్కునే అలవాటున్న మనిషి, చెయ్యి వణుకుతూ టాయిలెట్ మీద పక్కకి ఒరిగి మగ్గు అందుకోబోతే పడిపోతుంది. అది సిగ్గుపడి దాచే విషయం కాదు, ఓటీకి అక్కడే చూపించాల్సిన విషయం. కుళాయి ఎంత దూరంలో ఉంది, ఏ చేత్తో పట్టుకుంటారు, నేల ఎంత తడుస్తుంది అన్నీ. కడిగి ఆరబెట్టే టాయిలెట్లు ఉన్నాయి. పెద్ద మార్పుల కింద అడగొచ్చు.

పెద్ద మార్పులంటే లెవెల్ యాక్సెస్ షవర్, మెట్ల లిఫ్టు, ర్యాంపు. వీటికి డిజేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్, ఇంగ్లండ్‌లో 30,000 పౌండ్ల వరకు. ఇక్కడ తకరారేంటంటే రెండంచెల చోట ఓటీ కౌంటీ మనిషి, గ్రాంట్ ఇచ్చేది డిస్ట్రిక్ట్. కౌంటీ ఓటీ సిఫారసు రాశాక ఫైలు రెండు ఆఫీసుల మధ్య నిలబడిపోతుంది. పూర్తి అప్లికేషన్ అందిన రోజు నుంచి 6 నెలల్లో నిర్ణయం చెప్పాలి, అందుకే "పూర్తి అప్లికేషన్ ఏ తేదీన అందింది" అని డిస్ట్రిక్ట్ నుంచి రాయించుకోండి. ఓటీ రిపోర్టు ఇచ్చిన తేదీ నుంచి కాదు ఆ లెక్క. గ్రాంట్ మంజూరు కాకముందే బాత్రూమ్ పగలగొట్టారో, పైసా రాదు.

మైలురాయి:
డబ్బు లెక్క నేను రాస్తాను, ఇందులో అపోహలు చాలా ఉన్నాయి.

అర్హత తేలాకే ఫైనాన్షియల్ అసెస్‌మెంట్. చూసేది ఆ మనిషి డబ్బునే, కొడుకుదీ కోడలిదీ కాదు. జాయింట్ అకౌంట్ అయితే మామూలుగా సగం. పెట్టుబడీ సేవింగ్సూ 23,250 పౌండ్లు దాటితే పూర్తి ఖర్చు వాళ్లదే. 14,250 లోపుంటే సేవింగ్స్‌ని ముట్టుకోరు. ఆ మధ్యలో ప్రతి 250 పౌండ్లకీ, అందులో భాగానికీ కూడా, వారానికి 1 పౌండు ఆదాయం ఉన్నట్టు లెక్కేస్తారు. 18,000 ఉంటే వారానికి 15 పౌండ్లు. 18,100 ఉంటే 16.

ఆదాయంలో అటెండెన్స్ అలవెన్స్‌ని (సాయం అవసరమైన పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) కూడా సాధారణంగా కలుపుతారు. కానీ ఇంట్లో ఉండి కేర్ తీసుకునేవాళ్ల చేతిలో కనీస మొత్తం మిగలాలి. దాన్ని మినిమమ్ ఇన్‌కమ్ గ్యారంటీ అంటారు, ఏటా మారుతుంది. దానితో పాటు జబ్బువల్ల అయ్యే అదనపు ఖర్చులు కూడా ఆదాయంలోంచి తీసెయ్యాలి. ఇక్కడే మనవాళ్లు డబ్బు వదిలేసుకుంటారు. అదనపు లాండ్రీ, రాత్రంతా హీటింగ్, ప్యాడ్లు, జారని చెప్పులు, అపాయింట్‌మెంట్లకి ట్యాక్సీ, తోటపని చేసే మనిషి, అలారం పెండెంట్ నెల చందా. ఫారంలో ఈ గడులు ఖాళీగా వదిలితే ఎవరూ ఫోన్ చేసి అడగరు. మూడు నెలల రసీదులు జతచెయ్యండి.

ఆస్పత్రి నుంచి వచ్చాక తిరిగి నిలదొక్కుకోవడానికి ఇచ్చే రీఏబుల్‌మెంట్ 6 వారాల వరకు ఉచితం. ఏడో వారంలో బిల్లు మొదలవుతుందేమో ముందే అడిగి పెట్టుకోండి. ఇంకా 86,000 పౌండ్ల పరిమితి గురించి ఎవరైనా చెప్తే నమ్మొద్దు, అది 2024 జూలైలో రద్దయింది.

స్లౌప్యాసింజర్:
ఇల్లు అమ్మించేస్తారట కదా? అందుకే ముందే పిల్లల పేరున రాసేస్తే ఏడేళ్ల తర్వాత లెక్కలోకి రాదని వాట్సాప్‌లో తిరుగుతోంది.

మైలురాయి:
రెండూ విడివిడిగా.

సొంతింట్లోనే ఉండి కేర్ తీసుకుంటే ఆ ఇంటిని లెక్కలోకి తీసుకోరు. శాశ్వతంగా కేర్ హోమ్‌కి వెళ్తే తీసుకుంటారు, అప్పుడు కూడా భార్యో భర్తో, 60 దాటిన బంధువో, వైకల్యం ఉన్న బంధువో ఆ ఇంట్లో ముందునుంచీ ఉంటుంటే తీసుకోరు. మొదటి 12 వారాలు ఎలాగూ వదిలేస్తారు. తర్వాత కూడా అమ్మక తప్పదని కాదు. డిఫర్డ్ పేమెంట్ ఒప్పందం చేసుకుంటే కౌన్సిల్ కట్టి, ఇల్లు అమ్మినప్పుడో ఆ మనిషి పోయాకో వడ్డీతో తీసుకుంటుంది.

ఏడేళ్లన్నది ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్ లెక్క. సోషల్ కేర్‌లో ఏ గడువూ లేదు. ఇచ్చినప్పుడు కేర్ అవసరం వస్తుందని ఊహించే పరిస్థితి ఉందా, ఖర్చు తప్పించుకోవడం ముఖ్య ఉద్దేశమా అని చూస్తారు. అవునని తేలితే ఆ ఆస్తి ఇంకా ఉన్నట్టే లెక్కేస్తారు, పుచ్చుకున్నవాళ్ల దగ్గర్నుంచి వసూలు చేసే అధికారం కూడా ఉంది. పార్కిన్సన్స్ బయటపడ్డాక రాసిచ్చిన దస్తావేజు అయితే వాదించడం కష్టమే.

నిమ్మఉప్పు:
మరి ఇండియాలో ఆస్తి? నెల్లూరులో ఇల్లు, ఊళ్లో మూడెకరాలు లాంటివి?

మైలురాయి:
చెప్పాలి. దాచితే అది అబద్ధపు డిక్లరేషన్. నివాసం లేని ఇల్లు కాబట్టి ఇక్కడ ఇంట్లో కేర్ తీసుకుంటున్నా లెక్కలోకి రావచ్చు. అక్కడి విలువలోంచి అమ్మకం ఖర్చులూ దాని మీది అప్పులూ తీసేస్తారు. "డబ్బు ఇక్కడికి తేలేం" అన్న మాట అంత సులువుగా నిలబడదు. పన్నులు కట్టాక ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ అనుమతిస్తోంది.

నిలబడే వాదన వేరే ఉంది. అన్నదమ్ముల మధ్య పంపకం కాని భూమి, కోర్టులో ఉన్న స్థలం అయితే ఆ వాటాని ఎంతకి కొంటారన్నదే విలువ, మొత్తం ఆస్తిని వాటాలతో భాగించగా వచ్చే అంకె కాదు. పంపకం కాలేదని చూపే పత్రాలు, పహాణీయో అడంగలో, ఇంగ్లీషు అనువాదంతో ఇవ్వండి. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఒక్కటే ఇస్తే వాళ్లకి ఏమీ అర్థం కాదు.

స్లౌప్యాసింజర్:
కేర్ ఏజెన్సీ మనిషి పావుగంట వచ్చి మైక్రోవేవ్‌లో డబ్బా వేడిచేసి పోతుంది. ఉల్లి కూడా తినని మనిషికి అది ఎలా సరిపోతుంది?

పెసరట్టు:
కేర్ ప్లాన్‌లో "మీల్ ప్రిపరేషన్" అని మాత్రం ఉంటే అదే జరుగుతుంది. "శాకాహారం, ఉల్లి-వెల్లుల్లి లేకుండా, బియ్యం కడిగి కుక్కర్‌లో పెట్టాలి, పప్పు వండాలి, మాంసం తగిలిన గిన్నె వాడకూడదు, 45 నిమిషాలు" అని రాయించండి. పర్సనల్ బడ్జెట్, అంటే ఆవిడ కేర్‌కి కౌన్సిల్ లెక్కగట్టే మొత్తం, ఆ నిమిషాలకి సరిపడా ఉండాలి. అలా వండే ఏజెన్సీ దొరకలేదంటే డైరెక్ట్ పేమెంట్ అడగండి. డబ్బు మీ చేతికొస్తుంది, మనిషిని మీరే పెట్టుకోవచ్చు.

దానితో వచ్చే పనులు: వేరే బ్యాంకు ఖాతా, రసీదులన్నీ దాచడం, హెచ్ఎంఆర్‌సీలో (పన్నుల శాఖలో) ఎంప్లాయర్‌గా నమోదు, ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్స్, ఏడాదికి 5.6 వారాల జీతంతో సెలవు, కనీస వేతనం. జీతం లెక్కలు చేసే పేరోల్ కంపెనీ ఖర్చూ ఇన్సూరెన్సూ బడ్జెట్‌లోనే కలిపి ఇవ్వమని మొదటే అడగండి. ఖాతాలో కొన్ని వారాల డబ్బుకన్నా ఎక్కువ మిగిలితే వెనక్కి లాగేసుకుంటారు, ఇండియా వెళ్లే నెలల సంగతి ముందే చెప్పి రాతలో సమాధానం తీసుకోండి.

ఎవర్ని పెట్టుకోకూడదంటే, అదే ఇంట్లో ఉండే భార్యాభర్తల్నీ దగ్గరి బంధువుల్నీ, కౌన్సిల్ ప్రత్యేకంగా అవసరమని ఒప్పుకుంటే తప్ప. విజిటర్ వీసా మీద వచ్చిన పిన్నిగారికి జీతం ఇవ్వడం అసలే కుదరదు. తెలుగు స్టూడెంట్లు చేస్తామంటారు. డిగ్రీ స్థాయి స్టూడెంట్ వీసాకి టర్మ్ రోజుల్లో వారానికి 20 గంటలే, అదీ అన్ని ఉద్యోగాలూ కలిపి. వాళ్లు సెల్ఫ్-ఎంప్లాయ్డ్‌గా చెయ్యకూడదు, పేరోల్‌లోనే పెట్టాలి. రైట్ టు వర్క్ చెక్ ఆన్‌లైన్‌లో చేసి, వచ్చిన పేజీ దాచుకోండి.

హంబర్‌గాలి:
ఐఎల్ఆర్ లేనివాళ్ల మాట కూడా. "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదు) అని వీసా మీద ఉంటే అటెండెన్స్ అలవెన్స్, పిప్ (వైకల్యం ఉన్నవాళ్లకి ఇచ్చే భత్యం), కేరర్స్ అలవెన్స్ (చూసుకునేవాళ్లకి ఇచ్చే భత్యం) అడగకూడదు. అవి పబ్లిక్ ఫండ్స్. కౌన్సిల్ సోషల్ కేర్ ఆ జాబితాలో లేదు, కాబట్టి చెల్లుబాటయ్యే వీసా మీదున్న మనిషికి ఆ ఒక్క కారణంగా అసెస్‌మెంట్ కాదనలేరు. వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్లకి 2002 నాటి ఇమిగ్రేషన్ చట్టం 3వ షెడ్యూల్ అడ్డొస్తుంది. అక్కడ మానవహక్కుల ఉల్లంఘన అవుతుందా అని వేరే పరిశీలన చేస్తారు. అడల్ట్ డిపెండెంట్ రిలేటివ్ వీసాలో స్పాన్సర్ 5 ఏళ్ల హామీ సంతకం చేస్తారు కదా, కౌన్సిల్ దాన్ని ముందుకు తెస్తుంది. ఆ కేసుల్లో ఫోన్ చేసేముందే ఇమిగ్రేషన్ సలహాదారుకి చూపించడం మేలు.

ఇక అటెండెన్స్ అలవెన్స్. పెన్షన్ వయసు దాటాక వచ్చేది, ఆదాయం చూడరు. 2025-26లో వారానికి 73.90 లేదా 110.40 పౌండ్లు. గత 3 ఏళ్లలో కనీసం 2 ఏళ్లు ఇక్కడ ఉండాలి. ఆరేసి నెలలు ఊళ్లో గడిపేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు, పాస్‌పోర్టు ముద్రలు లెక్కపెట్టుకుని అప్లై చెయ్యండి. వచ్చాక కూడా 13 వారాలు మించి బయట ఉంటే ఆగిపోతుంది.

వానగొడుగు:
కోడలి మాట ఎవరూ ఎత్తలేదు.

గళ్లనోటుబుక్కు:
ఆవిడకి వేరే అసెస్‌మెంట్ ఉంది, కేరర్స్ అసెస్‌మెంట్, 10వ సెక్షన్. అత్తగారు తనకి అసెస్‌మెంట్ వద్దన్నా ఈవిడ తనది అడగొచ్చు. నిద్ర, ఉద్యోగం గంటలు, నడుం నొప్పి చెప్పాలి. రెస్పైట్, అంటే చూసుకునేవాళ్లకి కొన్నాళ్ల విశ్రాంతి, దీని ద్వారా వస్తుంది. కేరర్స్ అలవెన్స్ కౌన్సిల్‌ది కాదు, 2025-26లో వారానికి 83.30. వారానికి 35 గంటలు చూసుకోవాలి, ట్యాక్సూ ఎన్ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) పోగా సంపాదన దాటకూడని పరిమితి ఆ ఏడాదికి వారానికి 196 పౌండ్లు. ఒక్క పెన్నీ దాటినా ఆ వారం మొత్తం పోతుంది. అత్తగారికి అటెండెన్స్ అలవెన్స్ లాంటిది వచ్చాకే ఇది.

క్రాయ్‌డన్‌కాఫీ:
ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక మాట. డిశ్చార్జ్ చేసేవాళ్లు "ఇంట్లో ఎవరున్నారు?" అంటే ఉన్న మనుషుల్ని లెక్కపెట్టి చెప్పేస్తాం, దాంతో ప్యాకేజీ లేకుండా పంపేస్తారు. ఎవరు ఏ గంటల్లో ఉండరో చెప్పండి. అవసరాలు ముఖ్యంగా ఆరోగ్యానివే అయితే ఎన్‌హెచ్ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ (ఎన్‌హెచ్ఎస్ ఖర్చుతో ఇచ్చే కేర్) చెక్‌లిస్ట్ చెయ్యమని అడగండి. అది వస్తే ఆస్తి ఎంతున్నా పూర్తిగా ఉచితం. వచ్చేవాళ్లు తక్కువే, అయినా అడగకపోతే చెక్‌లిస్ట్ కూడా చెయ్యరు. మెంటల్ హెల్త్ యాక్ట్ 3వ సెక్షన్ కింద ఆస్పత్రిలో ఉండి వచ్చినవాళ్లకైతే 117వ సెక్షన్ ఆఫ్టర్‌కేర్ (ఆస్పత్రి నుంచి వచ్చాక ఇచ్చే సాయం) ఉచితం. ఆ బిల్లు వస్తే కట్టకుండా ముందు నిలదియ్యండి.

హంబర్‌గాలి:
ఇదంతా ఇంగ్లండ్ లెక్క. స్కాట్లండ్‌లో పర్సనల్ కేర్‌కి అసెస్‌మెంట్‌లో అవసరం తేలితే వయసుతో పని లేకుండా ఉచితం. వేల్స్‌లో ఇంటి దగ్గర కేర్‌కి వారానికి 100 పౌండ్లకి మించి వసూలు చెయ్యరు. ఉత్తర ఐర్లండ్‌లో కౌన్సిళ్లది కాదు, హెల్త్ అండ్ సోషల్ కేర్ ట్రస్టులది.

నిమ్మఉప్పు:
అర్హత లేదని లెటర్ వస్తే?

ట్రామ్‌పట్టాలు:
కారణాలు రాతలో ఇవ్వాలి. అవసరాలు తగ్గించుకోవడానికో ముదరకుండానో ఏం చెయ్యొచ్చో సలహా కూడా రాతలో ఇవ్వాలి, అది 24వ సెక్షన్. పది అంశాల పక్కనా వాళ్లు రాసినదీ, మీ డైరీలో ఉన్నదీ ఎదురెదురుగా పెట్టి కౌన్సిల్‌కి కంప్లెయింట్ ఇవ్వండి. అక్కడ తేలకపోతే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్, అంటే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు చూసే స్వతంత్ర అధికారి. విషయం తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి, ఖర్చు లేదు. ఆంబుడ్స్‌మన్ సోషల్ వర్కర్ అభిప్రాయాన్ని మార్చరు, పద్ధతి తప్పిందా అని చూస్తారు. కాబట్టి "మా అమ్మకి అన్యాయం జరిగింది" అనే కన్నా "హెచ్చుతగ్గులు చూడలేదు, ఇంట్లోవాళ్ల సాయాన్ని అర్హతలో లెక్కేశారు, ఇంటర్‌ప్రెటర్ ఇవ్వలేదు" అని రాస్తే పని జరుగుతుంది. ఒకవేళ కోర్టుకి, అంటే జ్యుడీషియల్ రివ్యూకి వెళ్లాల్సివస్తే ఆలస్యం చెయ్యకూడదు, గడువు ఎక్కువలో ఎక్కువ 3 నెలలే.

వానగొడుగు:
అన్నీ ఒకేసారి చెయ్యలేం కదా. ఈ వారం ఒకటే చెయ్యాలంటే?

గళ్లనోటుబుక్కు:
సోమవారం పొద్దున రెండు ఫోన్లు చెయ్యండి. ఒకటి కౌంటీకి, నీడ్స్ అసెస్‌మెంట్ అని. రెండోది అటెండెన్స్ అలవెన్స్ హెల్ప్‌లైన్‌కి, ఫారం పోస్టులో పంపమని. వెబ్‌సైట్ నుంచి ప్రింట్ తీసుకోకండి. ఫోన్ చేసి తెప్పించుకున్న ఫారం మీద ఆ రోజు తేదీ ఉంటుంది, 6 వారాల్లో నింపి పంపితే డబ్బు ఫోన్ చేసిన రోజు నుంచే లెక్క. ఆ 6 వారాలూ డైరీ రాయండి. ఎన్నింటికి లేచారు, ఎవరు పట్టుకున్నారు, ఎంతసేపు పట్టింది. అదే డైరీ రెండిటికీ పనికొస్తుంది.